ఆఫీసు పుస్తకంలో లేని వేడి

మా డ్రిల్లర్ కాక చనిపోయాడని చెప్పడానికి వచ్చిన ఆఫీసు జవాను, నేను చెప్పులు వేసుకునేలోపే రెండో మాట కూడా చెప్పేశాడు. "ఆదరణ కూడికకు మన ఆఫీసు పెద్దసారు వస్తడట. మాట్లాడెతందుకు మీరే ఏదన్న మంచిగ రాసియ్యాల్నట. అరపేజీ చాలంటన్నడు." ఆదరణ కూడిక అంటే, పోయినవాళ్ల కోసం క్రైస్తవులు పెట్టుకునే సంతాప ప్రార్థన. మనిషి పోయి ఒక పూట గడవలేదు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చారో లేదో కూడా నాకింకా తెలియదు. వీళ్లకు మాత్రం అరపేజీ కావాలి.

నేను ఆ అరపేజీ రాయలేదు. పదిహేనేళ్లుగా ఆ ఆఫీసులో రాయమన్నదల్లా రాశాను, అక్కర్లేదన్నది వదిలేశాను. ఇప్పుడు రాస్తున్నది ఆ అరపేజీకి బదులు. ఇది చదివే మీలో చాలామందికి ఆయన ఎవరో తెలియదు. తెలియకుండా పోవడంలో నా చెయ్యి ఎంత ఉందో చెప్పడానికే కూర్చున్నాను. చాలా కోపంగా ఉన్నాను. తీపి మాటలు కావాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

ఆయన నాకు రక్తసంబంధీకుడు కాదు. గోదావరిఖనిలో మా క్వార్టరూ వాళ్ల క్వార్టరూ ఒకే గోడకు అటూ ఇటూ ఉండేవి. వాళ్లది తాత కాలం నుంచి బొగ్గు బావుల్లో పనిచేసిన క్రైస్తవ కుటుంబం. మాది ఉన్న పొలం బొగ్గు బావి కిందికి పోయాక అదే బావిలో పనికి చేరిన రైతు కుటుంబం. మా నాన్న ఆయన్ని తమ్ముడూ అని పిలిచేవాడు కాబట్టి నాకు కాక అయ్యాడు. ఆయన పని బోర్లు వేయడం. బొగ్గు ఎక్కడుందో, ఎంత లోతులో ఉందో తెలుసుకోవడానికి భూమిలోకి సన్నటి రంధ్రం దింపి, లోపలి రాతిని కడ్డీలు కడ్డీలుగా పైకి తీస్తారు. నేను అదే శాఖలో, క్యాంపు ఆఫీసులో గుమాస్తాను. ఆ శాఖ పేరు రాయను. పేరు రాస్తే తప్పంతా పేరు మీదికి పోతుంది, మనుషులు తప్పించుకుంటారు.

డ్యూటీ బట్టలతో ఆయన ఎవరి మంచం మీదా కూర్చునేవాడు కాదు. మా గడప మీద కూర్చుని చాయ్ తాగి, కప్పు తానే కడిగి బోర్లించి పోయేవాడు. మా అమ్మ వద్దన్నా వినేవాడు కాదు. పనిలో మాత్రం ఇంత మెత్తదనం ఉండేది కాదు. పైకి తీసిన రాతి కడ్డీలను పెట్టెల్లో వరసగా పేర్చాలి, పైది పైన, కిందిది కింద. ఎవడైనా ఒక్క ముక్క తిరగేసి పెట్టాడా, ఆ పెట్టె మొత్తం విప్పించి మళ్లీ పేర్పించేదాకా అన్నం గిన్నె మూత తీసేవాడు కాదు. "భూమి అవద్ధమాడది. మనమే దానితోని ఆడిస్తం" అనేవాడు. ఆ మాట అప్పుడు నాకు ముసలివాళ్ల చాదస్తంలా వినిపించేది.

అరవైల చివర్లో ఒక చలికాలం, ఏటి ఒడ్డున జొన్న చేన్ల పక్కన ఆయన వేసిన బోరులో బొగ్గు పడలేదు. వేడినీళ్లు పడ్డాయి. వాటంతట అవే పైకి తన్నుకొచ్చాయి. కుర్రవాళ్లంతా పరుగెత్తారట. ఈయన దగ్గరికి పోయి చెయ్యి పెట్టి, చుర్రుమంటే తీసుకుని, కూర్చుని నవ్వాడట. నేను చూడలేదు, కానీ ఆ నవ్వు ఎలా ఉండి ఉంటుందో తెలుసు. లెక్కల్లో అది ఫెయిలయిన బోరు. మా పుస్తకంలో 'బొగ్గు లేదు' అని రాసి కింద గీత గీశాం.

జనానికి ఆ గీత ఎందుకు? నెల తిరిగేసరికి అక్కడ జాతర మొదలైంది. గనిలో ముప్ఫై ఏళ్లు వంగి నడిచి మోకాళ్లు పోగొట్టుకున్న ముసలివాళ్లు ఆదివారం పూట వచ్చి ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకుని కూర్చునేవారు. నస్పూర్ నుంచి ఏరు దాటి వచ్చేవారు కొందరు. డ్యూటీ బట్టలు ఉతకడానికి ఆడవాళ్లు వచ్చేవారు, ఆ నీళ్లలో మసి సగం సబ్బుతోనే వదిలేదట. మా కాక పైపుకు ఒక వంపు పెట్టి, చల్లారడానికి కాలువ తవ్వి, పొద్దున ఆడవాళ్లు, పొద్దెక్కాక మగవాళ్లు అని కట్టడి చేశాడు. ఆయన ఎవరు కట్టడి చేయడానికి అని ఒక్కరూ అడగలేదు. బజ్జీల బండి వచ్చింది. మతం, కులం, షిఫ్టు తేడా లేకుండా మనుషులు ఒకరి వీపు ఒకరు రుద్దుకున్న చోటు ఈ బొగ్గు బెల్టులో నేను చూసింది అదొక్కటే.

ఆ రోజుల్లోనే ఒక భూగర్భ శాస్త్రవేత్త ఏదో పని మీద అటు వచ్చి, ఆ నీళ్లు చూసి, పోతూ పోతూ ఒక పొడుగాటి థర్మామీటరు కాక చేతిలో పెట్టాడు. వారానికోసారి చూసి రాయమన్నాడు. కొన్ని దేశాల్లో భూమి లోపలి ఆవిరితో కరెంటు తీస్తున్నారనీ, ఇక్కడా ఎప్పుడో ఒకనాడు ఎవరో వచ్చి అడుగుతారనీ చెప్పాడు. అంతే, మా కాకకు అది ఒక వ్రతమైపోయింది. ఆదివారం గుడిలో ఆరాధన అయిపోగానే తెల్ల చొక్కా మీదే సైకిలెక్కి పోయేవాడు. థర్మామీటరుకు దారం కట్టి పైపులోకి దింపి, మూడుసార్లు పరలోక ప్రార్థన చెప్పుకునేవాడు. అది ఆయన గడియారం. మొదటిసారికి గాజు వేడెక్కుతుందట, రెండోసారికి పాదరసం ఎక్కుతుందట, మూడోసారికి నిలబడుతుందట. "వాచి కొనుక్కోరాదు కాకా" అంటే, "వాచి ఆగిపోతది, ఇది ఆగది" అనేవాడు. "మరి ఇయ్యాల దేవుడెంత వేడిగున్నడు?" అని పిల్లలు ఆటపట్టిస్తే, అంకె చెప్పి మరీ నవ్వేవాడు.

ఆ అంకెను సోమవారం తన షిఫ్టు పుస్తకంలో రాసేవాడు. ఇక నా సంగతి చెప్పాలి.

డ్రిల్లర్లు పెన్సిల్‌తో, తెలుగులో, గ్రీజు వేళ్లతో రాసేది చిత్తు పుస్తకం. దాన్ని చూసి ఆఫీసు రిజిస్టరులో ఇంగ్లీషులోకి సాపు రాయడం నా పని. రిజిస్టరులో అచ్చు గడులుంటాయి. లోతుకు ఒకటి, రాతికి ఒకటి, బొగ్గుకు ఒకటి, నీటికి ఒకటి. వేడికి గడి లేదు. అందుకని కాక దాన్ని అంచున ఖాళీ జాగాలో రాసేవాడు, దాని చుట్టూ చిన్న సున్నా చుట్టేవాడు. మొదటి వారం నేను హెడ్‌ గుమాస్తాను అడిగాను. "గడి ఉన్నదా? లేనప్పుడు ఎందుకయ్య, ఇడిసెయ్" అన్నాడు. వదిలేశాను. రెండో వారం అడగలేదు. నెల తర్వాత ఆ సున్నా నా కంటికి కనబడడం మానేసింది. మూడేళ్లు ఆ మనిషి ఎండలో, ముసురులో సైకిలు తొక్కి తెచ్చిన అంకెను నేను నీడలో ఫ్యాను కింద కూర్చుని వదిలేశాను. సాపు అయిపోయిన చిత్తు పుస్తకాలను ఏడాది చివర జవాను తీసుకుపోయేవాడు. చాయ్ పొయ్యి అంటించడానికి పనికొచ్చేవి. కట్ట కట్టి ఇచ్చింది నేనే.

ఒకసారి మా గడప మీద కూర్చుని అడిగాడు. "నేను రాసిందంత నీ తాన పయిలంగ ఉంటది గద బిడ్డా?" అని. అంచున రాసిందాని గురించే అడుగుతున్నాడని నాకు అర్థమైంది. "ఉంటది కాకా, ఫికర్ చెయ్యకు" అన్నాను. చాయ్ కప్పు కడిగి బోర్లించి పోయాడు. ఆ పూటే నిజం చెప్పి ఉంటే, వేరే నోటుబుక్కు పెట్టుకుని ఉండేవాడు. ఒక్క నోటుబుక్కు చాలు.

ఆయన కోరిక కూడా పెద్దది కాదు. కరెంటు, యంత్రాలు ఆయన మాటల్లో వచ్చేవే కావు. "కరెంటు ఎవలకన్న కానీ. బాయి కాడ ఒక తానాల గది కట్టి, గీ నీళ్లు పైపుల తెస్తె, డ్యూటీ దిగినోడు మసి మొకంతోని ఇంటికి పోడు. పిల్లలు తండ్రి మొకం తెల్లగ సూస్తరు" అనేవాడు. అవతల రామగుండం పవర్‌హౌసు పొగగొట్టం కనిపించేది అక్కడికి. దాని వైపు చూస్తూ ఒకసారి అన్నాడు, "అక్కడ బొగ్గు కాలవెట్టి నీళ్లు కాగవెడ్తన్నం. ఇక్కడ కాగిన నీళ్లను ఏట్ల కలుపుతన్నం" అని. కోపంగా అనలేదు. ఆయనకు కోపం రాదు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

ఏడేళ్ల కింద, ఆ శాస్త్రవేత్త అన్నట్టే, అడిగేవాళ్లు వచ్చారు. వేడి ఊటలను చూసి, వాటితో ఏమన్నా చేయొచ్చో లేదో తేల్చే నిపుణులు. పొద్దున జీపుల్లో బోరు దగ్గరికి పోయి చూశారు. మధ్యాహ్నం క్లబ్బు హాల్లో సభ పెట్టారు. గుమ్మానికి మామిడాకులు, టేబుళ్ల మీద తెల్ల గుడ్డలు, గోడకు 'భూగర్భ ఉష్ణశక్తి' అని గుడ్డ మీద పెద్ద అక్షరాలు. భూమి కడుపులోని నిప్పు గురించి ఒక్కొక్కరు అరగంట మాట్లాడారు. ఆ నిప్పును చేత్తో తాకినవాడు వరండాలో గుడి చొక్కా వేసుకుని నిలబడి ఉన్నాడు. లోపల కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి.

నిపుణుల్లో పెద్దాయన తెలుగువాడే. బోరు వేసిన మనిషిని పిలవమన్నాడు. కాక లోపలికి వచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఈ వేడి ఎన్నాళ్లుగా ఇలాగే ఉంది, తగ్గుతోందా, పెరుగుతోందా అని అడిగాడు పెద్దాయన.

"మూడేండ్లు సార్. వారం వారం సూసిన. ఒక్క తీరుగనే ఉన్నది. అంత ఆఫీసుల రాసి ఉన్నది."

పెద్దాయన ముఖం వెలిగింది. అలాంటి లెక్క మన దగ్గర ఎక్కడా లేదయ్యా, తెప్పించండి అన్నాడు. మా పెద్దసారు నా వైపు చూశాడు. నేను పోయి మూడు రిజిస్టర్లు తెచ్చి తెల్ల గుడ్డ మీద పెట్టాను. నా చేతులతోనే పెట్టాను. వాళ్లు పేజీలు తిప్పారు. లోతు ఉంది, రాయి ఉంది, బొగ్గు లేదని ఉంది. నీరు అన్న గడిలో 'కలదు' అని నా అందమైన ఇంగ్లీషు అక్షరాలతో రాసి ఉంది.

"ఎక్కడ రాశావయ్యా?" అన్నాడు పెద్దసారు.

కాక నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నేను రిజిస్టరు అట్ట మీది దారం కుట్టు చూస్తున్నాను. నోరు తెరిస్తే అయిపోయేది. రాశాడండీ, నేనే ఎక్కించలేదండీ అని రెండు ముక్కలు. నా ఉద్యోగం పోయేదా? పోయేది కాదు. ఒక మెమో వచ్చేది. ఒక కాగితం ముక్కకు భయపడి ఒక మనిషిని వందమందిలో అబద్ధాలకోరును చేశాను.

గడియారం కూడా లేకుండా ఎలా కొలిచావు అని ఎవరో అడిగితే, ఆయన దాచకుండా చెప్పాడు. పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలి, "ప్రార్థన చేస్తే పాదరసం ఎక్కుతుందన్నమాట" అన్నాడు. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో ఆ నీళ్లలో కాళ్లు పెట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. పెద్దాయన నవ్వలేదు. పుస్తకం మూసి, ఒక్కరోజు కొలతతో మేమేం సిఫారసు చేయలేం, ఏళ్ల తరబడి లెక్క ఉంటే ఇంకా పరీక్షలు చేయించమని రాసేవాళ్లం అన్నాడు. తర్వాత ఫలహారాలు వచ్చాయి. ఆ థర్మామీటరు ఆఫీసు సామానని పెద్దసారు తీసేసుకున్నాడు.

వాడుకలో లేని బోరును తెరిచి ఉంచకూడదని రూలు. మరుసటి నెల బసంత్‌నగర్ నుంచి సిమెంటు వచ్చింది. వేసింది నువ్వే కాబట్టి మూసేదీ నువ్వే అన్నారు కాకను. చివరి రోజు జనం బిందెలు, బకెట్లు తెచ్చుకున్నారు. ఒక ముసలి గని కార్మికుడు ఆయన చెయ్యి పట్టుకుని, "సన్న సందన్న ఇడిసిపెట్టు తమ్మీ, ఎవనికి తెలుస్తది" అన్నాడు. కాక తల అడ్డంగా ఊపాడు. "రేపు కిందికెళ్లి బాయి వస్తె, గీ నీళ్లు లోపల్కి దిగుతయన్నా. లోపల ఉండేది మనోళ్లే" అన్నాడు. అడుగు నుంచి పైదాకా ఎంత సిమెంటు పట్టాలో అంతా పట్టించాడు. ఇష్టం లేని పనిని అంత శుభ్రంగా చేసిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆ మర్నాడు కూడా మా గడప మీద కూర్చుని చాయ్ తాగాడు. మా పిల్లకు జ్వరం తగ్గిందా అని అడిగాడు. ఏడేళ్లు అలాగే వచ్చాడు. ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. నేను ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ని, కాళ్లు పట్టుకునేవాణ్ని. కప్పు కడిగి బోర్లించి పోతుంటే నేనేం చేయను?

మొన్న ఆదరణ కూడికలో పెద్దసారు కాగితం లేకుండానే లేచాడు. క్రమశిక్షణ గల ఉద్యోగి అన్నాడు, సెలవు పెట్టేవాడు కాదన్నాడు, కూర్చున్నాడు. ఇరవై ఎనిమిదేళ్లు భూమిని తొలిచిన మనిషికి దక్కింది అది. అప్పుడు నేను లేచాను. గడి సంగతి, సున్నా సంగతి, చాయ్ పొయ్యి సంగతి, క్లబ్బు హాలు సంగతి మొత్తం చెప్పాను. గొంతు పెద్దదైంది, ఎవరో కూర్చోమన్నారు, కూర్చోలేదు. ఆనాడు నవ్వినవాళ్ల పేర్లు కూడా చెప్పబోయాను, వాళ్లు అక్కడే తలలు వంచుకుని ఉన్నారు. పెద్దసారు గడియారం చూసుకుని జీపు దగ్గరికి పోయాడు. పాస్టరు గారు మెల్లగా పాట ఎత్తుకున్నారు.

అందరూ పోయాక చిన్నమ్మ, అంటే కాక భార్య, నన్ను లోపలికి పిలిచింది. ఆమె కాళ్ల మీద పడాలనుకున్నాను. ఆమె కూర్చోమంది.

"ఆయనకు ఎర్కే బిడ్డా. సభ అయిన దినమే ఇంటికొచ్చి చెప్పిండు. పోరడు రాయలే, అడుగకు అన్నడు. పిల్లల తండ్రి, బెదిరిండు అన్నడు."

"మరి నన్నెందుకు ఒక్క మాట అనలేదు చిన్నమ్మా?"

"నువ్వే చెప్తవని సూసిండు. ఇయ్యాల చెప్తడు, రేపు చెప్తడు అని. అందుకే రోజు వచ్చెటోడు మీ ఇంటికి."

అది విన్నాక నాకు ఆయన మీద కూడా కోపం వచ్చింది. ఏడేళ్లు మా గడప మీద కూర్చుని నేను మనిషినవుతానేమోనని ఎదురుచూసే హక్కు ఆయనకెవరిచ్చారు? ఎదురుచూసినవాడు మరో వారం ఆగకూడదా? ఇలా పోయినవాళ్ల మీద అరవడం తప్పని తెలుసు. అరుస్తూనే ఉన్నాను.

నిన్న ఆదివారం పొద్దున్నే సైకిలు తీసుకుని ఏటి ఒడ్డుకు పోయాను. ఏడేళ్లలో ఒక్కసారి కూడా అటు తొక్కి ఎరగను. సిమెంటు దిమ్మె గట్టిగానే ఉంది. దానికి నాలుగు బారల దూరంలో నేల పగిలి, సన్నగా తడి ఊరుతోంది. బోరును మూయగలిగారు, భూమిని మూయలేకపోయారు. పక్కన మేకలు మేపుతున్న ముసలామె నన్ను పైకీ కిందికీ చూసింది.

"ఆఫీసోనివా బిడ్డా? ఆ పెద్దమనిషి ఏడి? రెండైతారాలాయె, కనవడ్తలేడు."

"ఏ పెద్దమనిషి అవ్వా?"

"తెల్లంగి ఏసుకోని సైకిల్ మీద వస్తడు గద. ఐతారం ఐతారం వస్తడు. గీ పర్రెల చెయ్యి పెట్టి జర సేపు కూసుంటడు. 'ఉన్నదవ్వా' అంటడు, పోతడు."

"ఎక్కడన్నా రాసుకుంటాడా?"

"రాసుడేంది? ఎవలకు రాయాలె?" అంది ఆమె.

కూర్చుని ఆ పగుల్లో చెయ్యి పెట్టాను. పెట్టినంత వేగంగా తీయాల్సి వచ్చింది. ఆయన పోయాడని ఆమెకు చెప్పాను. ఈసారి నోరు తెరిచాను. ఆమె పక్కకు పోతున్న మేకను అదిలించింది. తర్వాత, "మరి ఇగ ఎవలు సూస్తరు?" అంది.

ఆమె అడిగింది నన్నే. చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని జవాబు కోసం నిలబడింది. మా ఇద్దరి మధ్య, ఆ పగులు చుట్టూ, నాలుగు ఊరకుక్కలు ముడుచుకుని కళ్లు మూసుకుని పడుకున్నాయి. వాటి తడి ఒంటి మీది నుంచి సన్నగా ఆవిరి లేస్తోంది.